పట్టు దారికి పెట్టుబడి ఎవరిది? సామ్రాజ్యాలతో లేచి, సామ్రాజ్యాలతో కుంగిన బిడారు బాటలు

క్రీ.శ. 745లో చైనాను ఏలుతున్న తాంగ్ ప్రభుత్వం లియాంగ్‌జౌ నగరం నుంచి, పడమరగా సుమారు 700 కిలోమీటర్ల దూరంలో దున్‌హువాంగ్ దగ్గర ఉన్న ఒక సైనిక శిబిరానికి రెండు విడతలుగా 15,000 తానుల పట్టు పంపింది. పరదేశాల్లో అమ్ముకోవడానికి పంపిన సరుకు కాదది, శిబిరం ఖర్చులకు పంపిన సొమ్ము. ఏ రకం బట్ట ఎన్ని తానులు వచ్చిందో, కంచు నాణేల్లో దాని వెల ఎంతో గుమాస్తాలు పద్దు రాసుకున్నారు. ఆ కాగితం దున్‌హువాంగ్ గుహల్లో చెడిపోకుండా మిగిలింది. మధ్య ఆసియా ఎడారుల గుండా అంత పట్టు కదలడానికి వర్తకుల సాహసం ఎంత కారణమో, చక్రవర్తుల ఖజానా ఎంత కారణమో తేల్చుకోవాలంటే ఇలాంటి పద్దుల దగ్గరే మొదలుపెట్టాలి.

పాఠ్యపుస్తకాల పటాల్లో చైనా పాత రాజధాని చాంగాన్ నుంచి రోము దాకా ఒకే గీత కనిపిస్తుంది. ఆ గీతను చూసిన వాళ్లకు ఒకే బిడారు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చిందనిపిస్తుంది. దొరికిన పత్రాలు చూపే చిత్రం వేరు. ఎక్కువ మంది వర్తకులు రెండు మూడు ఒయాసిస్సుల మధ్యనే తిరిగేవారు, సరుకు ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారుతూ దూరం పోయేది. ఈ చిల్లర వర్తకానికి ఏ చక్రవర్తి అనుమతీ అక్కర్లేదు, అది ఎప్పుడూ పూర్తిగా ఆగిపోలేదు కూడా. అయితే ఈ సన్నని ధార కొన్ని శతాబ్దాలలో ఒక్కసారిగా పొంగింది, మరికొన్ని శతాబ్దాలలో ఎండిపోయినంత పని అయింది. ఆ హెచ్చుతగ్గులకు కారణం అంగళ్లలో కంటే కోటల్లో, సైన్యాల జీతాల్లో ఎక్కువగా దొరుకుతుందన్నది ఈ వ్యాసంలోని వాదన.

వర్తకం సామ్రాజ్యాలకంటే పాతదనడానికి గట్టి సాక్ష్యాలున్నాయి. సైబీరియాలోని పజిరిక్ సమాధుల్లో, చైనాను ఏలిన హాన్ వంశపు సైన్యాలు పడమటికి అడుగు పెట్టక ముందే చేరిన చైనా పట్టు దొరికింది. క్రీ.పూ. 138లో హాన్ చక్రవర్తి వూ పంపిన రాయబారి జాంగ్ చియన్, దారిలో షియోంగ్ను సంచార జాతుల చేతిలో పదేళ్లు బందీగా గడిపి, చివరకు బాక్ట్రియా (నేటి ఉత్తర అఫ్గానిస్తాన్ ప్రాంతం) చేరి అక్కడి అంగడిలో తన దేశపు నైరుతి మూలనున్న సిచువాన్ వెదురు కర్రలను, బట్టను చూసి నివ్వెరపోయాడు. అవి ఎక్కడివని అడిగితే భారతదేశం నుంచి తెచ్చుకున్నామని అక్కడివాళ్లు చెప్పారు. చక్రవర్తికి ఆ దేశాల ఉనికే సరిగా తెలియని రోజుల్లో ఆయన రాజ్యపు సరుకు హిమాలయాల చుట్టూ తిరిగి అక్కడికి చేరిందన్నమాట.

సామ్రాజ్యం వచ్చాక మారింది పరిమాణం. క్రీ.పూ. 121 తర్వాత హాన్ సైన్యం ఎడారికీ పర్వతాలకూ మధ్యనున్న హెషీ ఇరుకుదారిని షియోంగ్నుల నుంచి గెలుచుకుని వూవెయ్, జాంగ్‌యే, జ్యూచువాన్, దున్‌హువాంగ్ అనే నాలుగు సైనిక జిల్లాలను ఏర్పరిచింది. గోడ కట్టారు, మంటలతో సంకేతాలిచ్చే బురుజులు కట్టారు, మజిలీకొక విడిది పెట్టారు. దున్‌హువాంగ్ దగ్గర షువాన్‌చువాన్ అనే చోట 1990–92లో అలాంటి విడిది ఒకటి తవ్వకాల్లో బయటపడింది. అందులో దొరికిన వేలాది కొయ్య పలకల మీద ఏ రాజ్యపు దూతలు ఎప్పుడు వచ్చారో, వాళ్లకు ఎంత తిండి పెట్టారో రాసి ఉంది. క్రీ.పూ. 39 నాటి ఒక ఫిర్యాదు నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. మధ్య ఆసియా నుంచి వచ్చిన దూతలు కొందరు, తాము తెచ్చిన తెల్ల ఒంటెలను పసుపువన్నెవని, బలిసినవాటిని బక్కవని అధికారులు రాసుకుని ధర తగ్గించారని మొరపెట్టుకున్నారు. రాయబారం పేరుతో నడిచింది వర్తకమేనని, కొనేది ప్రభుత్వమేనని, ధర కట్టేదీ ప్రభుత్వమేనని ఆ ఒక్క మొరతో తెలిసిపోతుంది.

పట్టు పడమటికి పోవడానికి మరో పెద్ద కారణం భయం. ఉత్తరాన గడ్డిమైదానాల్లో గుర్రాలపై తిరిగే షియోంగ్నులతో యుద్ధం తప్పించుకోవడానికి హాన్ రాజులు క్రీ.పూ. 198 నుంచే రాకుమార్తెలను, ధాన్యాన్ని, పట్టును పంపేవారు. లొంగిపోయి వచ్చిన షియోంగ్ను నాయకుడికి క్రీ.పూ. 51లో 8,000 తానులు కానుకగా ఇచ్చారు. క్రీ.పూ. 1 నాటికి ఆ కానుక 30,000 తానులకు పెరిగింది. అంత పట్టును గుడారాల్లో కట్టుకుని ఎవరూ చించలేరు. మిగిలింది చేతులు మారుతూ పడమటికి పోయింది. గడ్డిమైదానాల రాజ్యాలను ఈ దారికి అడ్డంకులుగా మాత్రమే చూపించే చరిత్ర సగమే నిజం.

దారికి పడమటి కొసన కూడా కథ ఇదే. కుషాణులు బాక్ట్రియా నుంచి ఉత్తర భారతం దాకా ఒకే ఏలుబడి కిందికి తెచ్చాక చైనా పట్టు హిందూకుష్ దాటి భరుకచ్ఛం (నేటి గుజరాత్‌లోని భరూచ్) రేవుకు చేరింది. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుల కరదీపిక ఒకటి ఆ రేవుకు దక్షిణాపథం నుంచి వచ్చే బండ్ల దారిని కూడా వర్ణించింది: పైఠాన్ నుంచి ఇరవై రోజుల ప్రయాణం, అక్కడికి తూర్పున మరో పది రోజుల దూరంలో తగరం, అంటే నేటి తేర్. తగరం నుంచి నూలు బట్టలతో పాటు సముద్రతీరం నుంచి అక్కడికి చేరిన సరుకు కూడా వచ్చేదట. ఆ తీరం తూర్పు తీరమేనని చరిత్రకారులు చాలామంది అర్థం చేసుకుంటారు. అదే కరదీపిక మరో మాట చెప్పింది: పూర్వం సక్రమంగా నడిచిన కల్యాణ్ రేవు చేతులు మారాక, అక్కడికి వచ్చిన గ్రీకు ఓడలను కాపలా పెట్టి భరుకచ్ఛానికి తరలిస్తున్నారని. శాతవాహనులకూ, పశ్చిమ భారతాన్ని ఏలిన శక వంశం క్షహరాతులకూ నడుమ సాగిన పోరులో వర్తకుడు ఏ రేవులో దిగాలో ఆయుధం నిర్ణయించింది. రోముకూ, ఇరాన్‌ను ఏలిన పార్థియాకూ మధ్య బతికిన ఎడారి నగరం పాల్మీరా రాణి జెనోబియా రోమును ఎదిరించిన ఫలితంగా 272–73లో చక్రవర్తి ఆరీలియన్ చేతిలో నాశనమైంది. బిడారుల నగరంగా అది మళ్లీ కోలుకోలేదు.

సామ్రాజ్యం కూలితే దారి మీద ఉన్న మనిషికి ఏమవుతుందో చెప్పే ఉత్తరాలు మిగిలాయి. 1907లో పురావస్తు పరిశోధకుడు ఆరెల్ స్టైన్ దున్‌హువాంగ్‌కు పడమరనున్న ఒక కావలి బురుజులో సొగ్దియన్ భాషలో రాసిన ఉత్తరాల మూట కనుగొన్నాడు. సొగ్దియన్లు సమర్‌కంద్ ప్రాంతపు వర్తక జాతి, వాళ్ల భాష ఇరాన్ భాషల కుటుంబానిది. సుమారు 313లో రాసిన ఒక ఉత్తరంలో చైనాలోని వర్తక ప్రతినిధి సమర్‌కంద్‌లోని యజమానికి, రాజధాని లుయోయాంగ్ తగలబడిందని, చక్రవర్తి పారిపోయాడని, ఆ నగరంలోని సొగ్దియన్లూ భారతీయులూ ఆకలితో చనిపోయారని తెలియజేశాడు. మరో రెండు ఉత్తరాలు మివ్నాయ్ అనే స్త్రీవి. భర్త దున్‌హువాంగ్‌లో వదిలేసి వెళ్లగా, కూతురితో పాటు దిక్కులేక చిక్కుకుపోయిన ఆమె, నీ భార్యగా ఉండడం కంటే కుక్కకో పందికో భార్యనైతే నయమని భర్తకు రాసింది. ఆ ఉత్తరాలు చేరవలసిన చోటికి చేరలేదు. సామ్రాజ్య పతనాన్ని తేదీలుగా చదివే మనం, దాన్ని ఒక నిరుపేద తల్లి ఎలా అనుభవించిందో కూడా చదవాలి.

సొగ్దియన్లు ఆ దెబ్బకు చితికిపోయినా, 552లో తుర్కుల రాజ్యం మంగోలియాలో లేచి కొద్ది కాలానికే మధ్య ఆసియా అంతటా పరుచుకున్నాక మళ్లీ పైకి వచ్చారు. తుర్కుల చేతిలో చైనా నుంచి కానుకగా వచ్చిన పట్టు గుట్టలుగా ఉంది, అమ్మిపెట్టే నేర్పు సొగ్దియన్లకు ఉంది. మనియాఖ్ అనే సొగ్దియన్ నాయకుడు తుర్కుల దూతలతో ముందు ఇరాన్ కొలువుకు పట్టు తీసుకుపోతే, సస్సానిద్ చక్రవర్తి ఖుస్రో ఆ పట్టంతా కొని వాళ్ల కళ్లముందే తగలబెట్టించాడు. తన దేశంలో తుర్కుల వర్తకం అక్కర్లేదని చెప్పడానికి అది ఖరీదైన పద్ధతి. దాంతో మనియాఖ్ 568లో ఇరాన్‌ను తప్పించి ఉత్తరపు గడ్డిమైదానాల మీదుగా కాన్‌స్టాంటినోపుల్ చేరి బైజాంటియన్ చక్రవర్తితో నేరుగా ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఒక రాజు తలుపు మూస్తే, మరో రాజు అండతో దారి వేరేవైపు తిరిగింది.

ఆ తుర్కుల శాంతి నీడలోనే, మన ధాన్యకటకం దాకా వచ్చిన బౌద్ధ యాత్రికుడు హుయాన్‌త్సాంగ్ చైనా నుంచి బయలుదేరాడు. తుర్ఫాన్ లోయలోని గావోచాంగ్ రాజు ఆయనను ఆదరించి, దారిలోని 24 రాజ్యాల పాలకుల పేర ఉత్తరాలు రాసి, ఒక్కో ఉత్తరానికి ఒక్కో పట్టు తాను జతచేసి ఇచ్చాడు. తుర్కుల ఖాకాన్‌కు, అంటే వాళ్ల చక్రవర్తికి, వేరుగా భారీ కానుకలు పంపాడు. తిరుగు ప్రయాణంలో తన దగ్గర మూడేళ్లు ఉండిపొమ్మని మాట తీసుకున్నాడు. హుయాన్‌త్సాంగ్ భారతదేశంలో ఉండగానే, 640లో తాంగ్ సైన్యం గావోచాంగ్‌ను కలిపేసుకుంది, ఆ రాజు చనిపోయాడు. యాత్రికుడు దక్షిణంగా ఖోతాన్ మీదుగా 645లో చాంగాన్ చేరాడు. వెళ్లేటప్పుడు రాజుల ఉత్తరాల మీద నడిచిన దారి, ఆయన తిరిగి వచ్చేసరికి ఒకే చక్రవర్తి రాహదారీ పత్రాల మీద నడిచే దారిగా మారుతూ ఉంది.

తాంగ్ ఏలుబడిలో ఆ దారి ఎలా పనిచేసిందో కాస్త నిలిచి చూడాలి, ఎందుకంటే అన్ని కాలాల్లోకీ మనకు బాగా తెలిసినది ఇదే. తుర్ఫాన్ ఎడారిలోని ఆస్తానా శ్మశానంలో చనిపోయినవారికి తొడిగిన చెప్పులు, టోపీలు పాత సర్కారు కాగితాలతో చేసినవి కావడం వల్ల వందల దస్తావేజులు మిగిలిపోయాయి. నాణేలు, ధాన్యం, బట్ట మూడూ ఆనాడు చెల్లుబాటయ్యే డబ్బే. వెయ్యి నాణేల దండ సుమారు నాలుగు కిలోలు తూగుతుంది, అంత బరువును ఎడారి దాటించడం కంటే తేలికగా ఉండే పట్టును పంపడం సులువు. 730–40 దశకాల్లో ప్రభుత్వం హామి, తుర్ఫాన్, బెయ్‌తింగ్, కుచాలలోని సైనిక కేంద్రాలకు ఏటా 9 లక్షల తానులు పంపేది. సైనికులు ఆ తానులతో తిండి కొనుక్కున్నారు, గుర్రాలు కొన్నారు, అప్పులు తీర్చారు. అక్కడి రైతు, కమ్మరి, ఒంటెల యజమాని అందరి చేతుల్లోకీ ఆ పట్టు వచ్చింది. అంత కొనుగోలు శక్తి ఒకచోట పోగైతే సమర్‌కంద్ వర్తకుడు రాకుండా ఎలా ఉంటాడు?

డబ్బుతో పాటు న్యాయం కూడా వచ్చింది. 670 తర్వాత కొద్దికాలానికి నడిచిన ఒక దావాలో త్సావో లూషాన్ అనే సొగ్దియన్, తన అన్న ఒక చైనా వర్తకుడికి 275 తానుల పట్టు అప్పు ఇచ్చాడని, ఆ తర్వాత ప్రయాణంలో మాయమయ్యాడని చెప్పుకున్నాడు. అప్పు పత్రం అన్నతోనే పోయింది. అయినా ఒప్పందానికి ఇద్దరు సాక్షులు దొరకడంతో న్యాయస్థానం పరదేశీయుడి వైపే తీర్పు ఇచ్చింది. రాజధానికి వేల కిలోమీటర్ల దూరంలో, పత్రం లేని పరాయివాడికి సొమ్ము ఇప్పించగల అధికారం ఉండడమే దూరదేశపు వర్తకుడికి అసలైన భద్రత. ఇదే ప్రభుత్వం అతని కదలికలను గట్టిగా అదుపులో పెట్టిందన్నదీ నిజమే. ప్రతి ప్రయాణికుడూ తనతో వచ్చే మనుషుల, పశువుల వివరాలు రాసిన పత్రాన్ని ప్రతి కావలి దగ్గరా చూపించవలసిందే.

755లో ఈ ఏర్పాటు ఒక్కసారిగా కుప్పకూలింది. సొగ్దియన్ తండ్రికీ తుర్కు తల్లికీ పుట్టిన సేనాని ఆన్ లుషాన్ తిరుగుబాటు చేశాడు, అది అణగడానికి 763 దాకా పట్టింది. రాజధానిని కాపాడుకోవడానికి పడమటి సైన్యాలను వెనక్కి పిలిపించారు. ఖాళీ అయిన హెషీ ప్రాంతాన్ని టిబెట్ రాజ్యం ఒక్కో పట్టణంగా ఆక్రమించి 780 దశకంలో దున్‌హువాంగ్ దాకా చేరింది. పట్టు బండ్లు ఆగిపోయాయి. కుచా ప్రాంతంలో దొరికిన దాలీ, జియన్‌జోంగ్ అనే తాంగ్ పాలనాకాలాల పేర్లు ముద్రించిన నాణేలు, రాజధాని నుంచి ఏదీ అందక అక్కడి సైన్యమే పోత పోసుకున్నవని పరిశోధకులు భావిస్తారు. తర్వాతి రెండు శతాబ్దాల్లో దున్‌హువాంగ్ ఒప్పందాల్లో నాణేల మాట దాదాపు వినిపించదు, ధాన్యం కొలతలూ బట్ట మూరలే కనిపిస్తాయి. వర్తకులు ఉన్నారు, సంత జరిగింది. లేనిది ఏటా వచ్చిపడే 9 లక్షల తానులు.

పట్టు మాత్రం చైనా దాటడం మానలేదు. తిరుగుబాటును అణచడంలో సాయపడిన, ఉత్తరపు గడ్డిమైదానాలను ఏలే ఉయ్ఘుర్లు ప్రతిఫలంగా గుర్రాలు అమ్మే హక్కు పొంది, ఒక్కో గుర్రానికి 40 తానుల దాకా వసూలు చేశారు. సొగ్దియన్లలో చాలామంది ఉయ్ఘుర్ల కొలువులో చేరారు. చైనాలో మిగిలినవారిలో ‘ఆన్’ ఇంటిపేరు ఉన్న కొందరు దాన్ని మార్చుకున్నారు. వాళ్ల సొంత గడ్డలో 712లోనే సమర్‌కంద్ అరబ్బుల వశమైంది, పంజకెంత్ పాలకుడు దేవాష్తిచ్‌ను 722లో చంపేశారు. క్రమంగా ఆ జాతి, ఆ భాష పెద్ద సమూహాల్లో కలిసిపోయాయి. నేడు తజికిస్తాన్‌లోని యఘ్నోబ్ లోయకు చెందిన కొన్ని వేలమంది మాట్లాడే భాష దానికి మిగిలిన వారసురాలు.

మంగోలుల కాలం ఈ వాదనకు అటూ ఇటూ సాక్ష్యమిస్తుంది. 1218లో మధ్య ఆసియాలోని ఖ్వారజ్మ్ రాజ్యపు సరిహద్దు నగరం ఓత్రార్‌లో అక్కడి అధికారి చెంగిజ్ ఖాన్ పంపిన సుమారు 450 మంది వర్తకులను గూఢచారులని చంపించాడు. ఆ కక్షతో మొదలైన దండయాత్ర బుఖారా, సమర్‌కంద్, మెర్వ్ వంటి నగరాలను నేలమట్టం చేసింది. వర్తకాన్ని రక్షించే పేరుతో వర్తక నగరాలనే తుడిచిపెట్టిన ఆ క్రూరత్వాన్ని, తర్వాతి వందేళ్ల ‘మంగోల్ శాంతి’ని పొగిడేవారు మరచిపోకూడదు. ఆ తర్వాత చెంగిజ్ కొడుకు ఒగెదెయ్ కాలంలో మజిలీల వ్యవస్థ బలపడింది. రాజవంశీకులు వర్తకులతో భాగస్వాములై తమ వెండిని వడ్డీకి, వర్తకానికి పెట్టారు. ఇక్కడా పెట్టుబడిదారు పాలకుడే.

1340 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌కు చెందిన బార్ది వర్తక సంస్థ ఉద్యోగి పెగొలొత్తి, అజోవ్ సముద్ర తీరంలోని తానా నుంచి చైనాకు పోయే దారి పగలైనా రాత్రయినా పూర్తిగా సురక్షితమని, ఆ దారిన పోయివచ్చిన వర్తకుల మాటగా రాశాడు. వెంటనే ఒక హెచ్చరికా చేర్చాడు: దేశాన్ని ఏలే ప్రభువు చనిపోయి కొత్త ప్రభువు గద్దెనెక్కే లోపు పరదేశీయులకు ప్రమాదం ఉండవచ్చని. ఆయన రాసేనాటికే ఆ ప్రమాదం ముదురుతోంది. 1335లో ఇరాన్ మంగోల్ పాలకుడు అబూ సయీద్ వారసుడు లేకుండా చనిపోగానే ఆ రాజ్యం ముక్కలైంది. 1343లో ఉత్తరపు గడ్డిమైదానాలను ఏలే మంగోల్ రాజ్యం ‘స్వర్ణ గుంపు’ (గోల్డెన్ హోర్డ్) ఖాన్ జానీబెగ్ తానా నుంచి ఇటాలియన్లను వెళ్లగొట్టాడు. అదే కాలంలో ప్లేగు ఈ దారుల వెంట పాకింది. ఇస్సిక్ కుల్ సరస్సు దగ్గరి సమాధిరాళ్ల మీద 1338–39 నాటి మహమ్మారి మరణాలు నమోదై ఉన్నాయి. 1368లో చైనాలో మంగోలుల పాలన ముగిసింది. 1395లో తైమూర్ తానా, అస్త్రాఖాన్, సరాయ్ నగరాలను ధ్వంసం చేయడంతో ఉత్తరపు దారి బలహీనపడి, బిడారులు తైమూర్ ఏలే సమర్‌కంద్ వైపు మళ్లాయి.

ఇక్కడే చాలామంది ఒక సులువైన ముగింపుకు వస్తారు: 1453లో ఒట్టోమన్లు కాన్‌స్టాంటినోపుల్‌ను పట్టుకుని దారి మూసేశారని, 1498లో వాస్కో డ గామా రాకతో భూమార్గం చచ్చిపోయిందని. రెండూ నిలబడవు. ఒట్టోమన్లకు బూర్సా నగరంలో ఇరాన్ పట్టు మీద వచ్చే సుంకం పెద్ద రాబడి. దాన్ని ఆపిన సందర్భం సుల్తాన్ సలీమ్ 1514 ప్రాంతంలో ఇరాన్ పాలకుడు షా ఇస్మాయిల్‌తో యుద్ధం చేస్తూ పెట్టిన నిషేధం, అంటే మళ్లీ రాజకీయమే. సముద్రం కూడా భూమార్గానికి కొత్త పోటీ ఏమీ కాదు. 9వ శతాబ్దంలోనే అరబ్బు ఓడలు చైనా పింగాణీని వేల సంఖ్యలో మోశాయి. పైగా సముద్రపు వర్తకానికీ పాలకుడి మాట కావాలి. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయ శాసనం, తుఫానుకు చెడి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజుల్లా లాక్కోబోమని, ముప్పైలో ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటామని హామీ ఇచ్చింది. ఆ రేవుకు ఓడలు రావడానికి గాలివాటం ఎంత ముఖ్యమో ఆ హామీ అంతే ముఖ్యం.

భూమార్గం తర్వాత కూడా, రెండు సామ్రాజ్యాలు కలిసినచోట మళ్లీ లేచింది. 1727లో రష్యా, చైనాను ఏలే చింగ్ సామ్రాజ్యాలు ఒప్పందం చేసుకుని మంగోలియా సరిహద్దులోని క్యాఖ్తాలో సంత తెరిచాయి. రష్యా ఉన్ని చర్మాలు ఇటు, చైనా పట్టు, నూలు బట్ట, తేయాకు అటు మారాయి. చింగ్ చక్రవర్తికి కోపం వచ్చినప్పుడల్లా ఆ సంత మూతపడింది, 1785 నుంచి 1792 దాకా ఏకంగా ఏడేళ్లు. తూర్పు తుర్కిస్తాన్‌లో (నేటి షింజియాంగ్) 1759 తర్వాత అదే చింగ్ ప్రభుత్వం తాంగ్ పద్ధతినే తిరిగి నడిపింది: లోపలి రాష్ట్రాల నుంచి ఏటా వెండి సైన్యాలకు వెళ్లేది, పట్టు కజాఖుల గుర్రాలకు మారకంగా వెళ్లేది. దక్షిణ చైనాలో తైపింగ్ తిరుగుబాటుతో ఆ వెండి ఆగిపోయాక, 1864లో కుచాలో మొదలైన తిరుగుబాట్లు ఆ పాలనను చాలా ఏళ్లపాటు తుడిచేశాయి.

క్యాఖ్తా తేయాకు బిడారులు మాత్రం ఇంకా నడిచాయి. వాటిని దెబ్బతీసింది 1498 నాటి తెరచాప కాదు. 1862లో రష్యా తేయాకును సముద్రం మీదుగా తెచ్చుకోవడానికి అనుమతి ఇచ్చింది. 1869లో సూయెజ్ కాలువ తెరిచాక ఆవిరి ఓడలు తేయాకును ఒడెస్సా రేవుకు చేర్చసాగాయి. 1891లో రష్యా ప్రభుత్వం సైబీరియా రైలు మార్గం పని మొదలుపెట్టింది. ఆ రైలు పట్టాలు క్యాఖ్తాను పక్కన పెట్టి వెళ్లాయి.